జింకు పలక నుండి వరి మడి దాకా: కాంతిని లెక్కించే పద్ధతి

జింకు అనగానే వ్యవసాయ శాస్త్రజ్ఞునికి నాట్లు వేసి మూడు వారాలైన వరి మడి గుర్తుకు వస్తుంది. పైనుండి మూడవ, నాలుగవ ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, మొదలు వద్ద పాలిపోయిన నడిమి ఈనె, అక్కడక్కడ గిడసబారిన దుబ్బులు కంటికి కడతాయి. భౌతికశాస్త్రజ్ఞునికి అదే లోహం వేరొక దృశ్యాన్ని గుర్తుచేస్తుంది. 1888లో జర్మనీలో విల్‌హెల్మ్ హాల్‌వాక్స్ మెరిసేలా రుద్ది, రుణావేశమిచ్చి, అతినీలలోహిత కాంతి కింద ఉంచిన జింకు పలక అది. కాంతి పడగానే పలక తన ఆవేశాన్ని కోల్పోయింది. ఎందుకు కోల్పోయిందన్న ప్రశ్నకు సరైన సమాధానం 1905లో గాని రాలేదు. మట్టి నమూనాలో జింకు ఎంత ఉన్నదో నేడు మనం చెప్పగలగడం, పైరు మీద పడే కాంతిని కొలవగలగడం, ఆకు ఎంత కాంతికి ఎంత పిండిపదార్థం తయారుచేస్తుందో అంచనా వేయగలగడం ఆ సమాధానం మీదనే ఆధారపడి ఉన్నాయి.

కాంతి విద్యుత్ ఫలితం, పరమాణు శక్తి స్థాయిలు, తరంగ–కణ ద్వంద్వ స్వభావం అనే పాఠాలను మన విద్యార్థులు ఇంటర్మీడియెట్‌లో చదివి, ప్రవేశ పరీక్షతోపాటు వదిలివేసి వ్యవసాయ కళాశాలకు వస్తారు. ఆపైన నాలుగేళ్లు ఆ పాఠాల మీదనే నడిచే పరికరాల బొత్తాలు నొక్కుతారు. జింకును అటామిక్ అబ్సార్ప్‌షన్ యంత్రంలోనూ పొటాషియంను ఫ్లేమ్ ఫోటోమీటరులోనూ ఎందుకు కొలుస్తారని మౌఖిక పరీక్షలో అడిగితే వినవచ్చే సమాధానం తరచుగా ‘పద్ధతి అలా ఉంది’ అన్నదే. పద్ధతి అలా ఉండటానికి కారణం ఉన్నది. ఆ కారణం తెలియని వానికి యంత్రం తప్పు సంఖ్య చూపినా, దీపాల వ్యాపారి తప్పు లెక్క చూపినా పట్టుకునే ఆధారం ఉండదు.

పలక చెప్పిన సంగతి

హాల్‌వాక్స్ కంటే ఒక ఏడాది ముందు, 1887లో, హైన్‌రిక్ హెర్ట్జ్ విద్యుత్ తరంగాలపై పరిశోధిస్తూ ఒక చిన్న విషయాన్ని గమనించాడు. అతినీలలోహిత కాంతి పడిన లోహపు కొనల మధ్య విద్యుత్ మెరుపు సులువుగా దూకుతున్నది. కాంతి విద్యుదయస్కాంత తరంగమేనని తన ప్రయోగాలతో రుజువు చేస్తున్న వ్యక్తికే, ఆ తరంగ సిద్ధాంతానికి లొంగని మొదటి సాక్ష్యం అదే బల్లమీద దొరకడం విజ్ఞానశాస్త్ర చరిత్రలోని వింతలలో ఒకటి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కాంతి తరంగమైతే దాని తీవ్రతను పెంచిన కొద్దీ లోహంలోని ఎలక్ట్రాన్‌లు మరింత వేగంతో బయటకు రావాలి. ఏ రంగు కాంతి అయినా తగినంత తీవ్రంగా, తగినంత సేపు ప్రసరిస్తే ఎలక్ట్రాన్ ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. 1902లో ఫిలిప్ లెనార్డ్ కొలిచి చూస్తే అలా జరగలేదు. తీవ్రత పెరిగితే వెలువడే ఎలక్ట్రాన్‌ల సంఖ్య పెరిగింది గాని, ఒక్కొక్క ఎలక్ట్రాన్ శక్తి పెరగలేదు. ఆ శక్తి కాంతి రంగును బట్టి మారింది. జింకు పలక మీద ఎర్రని కాంతిని ఎంత గుమ్మరించినా ఒక్క ఎలక్ట్రాన్ రాదు; బలహీనమైన అతినీలలోహిత కాంతి పడీ పడగానే ఎలక్ట్రాన్‌లు వస్తాయి.

ఐన్‌స్టీన్ 1905లో ఇచ్చిన వివరణ ఒక రకంగా రైతు లెక్క వంటిది. కాంతి శక్తి ధారగా కాక పొట్లాలుగా అందుతుంది. ఒక్కొక్క పొట్లంలోని శక్తి ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి పౌనఃపున్యంతో హెచ్చవేస్తే వచ్చేంత. ఒక ఎలక్ట్రాన్ ఒకసారికి ఒక పొట్లాన్నే స్వీకరిస్తుంది. లోహం నుండి బయటపడటానికి చెల్లించవలసిన సుంకం కంటే పొట్లంలో ఉన్నది తక్కువైతే బయటకు రాలేదు. ఎక్కువైతే మిగిలినది వేగంగా మారుతుంది. ఆ సుంకాన్నే పని ప్రమేయం అంటాము. జింకుకు అది సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు. విద్యార్థులు ఒక చిన్న సూత్రాన్ని కంఠస్థం చేస్తే మేలు: 1240ని నానోమీటర్లలో చెప్పిన తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. 660 నానోమీటర్ల ఎర్రని ఫోటాన్‌కు 1.88 వస్తుంది. జింకు అడిగేది 4.3 కనుక 288 నానోమీటర్ల కంటే పొడవైన ఏ కాంతీ జింకు పలకకు పనికిరాదు.

ఈ వాదన తప్పని నిరూపించడానికి అమెరికాలో రాబర్ట్ మిల్లికన్ ఇంచుమించు పదేళ్లు శ్రమించాడు. సోడియం, పొటాషియం వంటి క్షార లోహాలను గాలిలేని గాజు పాత్రలోనే చెక్కి, తాజా ఉపరితలం మీద వేర్వేరు రంగుల కాంతిని ప్రసరింపజేసి కొలిచాడు. 1916లో వెలువరించిన ఫలితాలు ఐన్‌స్టీన్ సమీకరణంతో సరిగా సరిపోయాయి. అయినా కాంతి పొట్లాల భావనను మిల్లికన్ అప్పట్లో అంగీకరించలేదు; సమీకరణం సరియైనదేగాని దాని వెనుక ఉన్న ఊహ నిలవదని రాశాడు. తాను నమ్మని సిద్ధాంతానికి తన కొలతలే బలమిస్తున్నా వాటిని యథాతథంగా ప్రకటించిన ఆ నిజాయితీని పరిశోధక విద్యార్థులకు పద్ధతుల పాఠంలోనే బోధించాలని నా అభిప్రాయం. ఐన్‌స్టీన్‌కు 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఈ సూత్రానికే వచ్చింది, సాపేక్ష సిద్ధాంతానికి కాదు. మిల్లికన్‌కు 1923లో వచ్చింది.

మంటలో పొటాషియం, మంటలో జింకు

పొట్లాలుగా వచ్చే కాంతిని పరమాణువు ఎలా స్వీకరిస్తుందన్న దానికి 1913లో నీల్స్ బోర్ మార్గం చూపాడు. పరమాణువులోని ఎలక్ట్రాన్‌కు కొన్ని నిర్ణీత శక్తి స్థాయిలే ఉంటాయి. మెట్ల మీద నిలబడవచ్చును గాని మెట్టుకూ మెట్టుకూ నడుమ నిలబడటం కుదరదు. పై మెట్టు నుండి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ తేడాకు సరిగ్గా సరిపోయే ఫోటాన్ వెలువడుతుంది; ఎక్కడానికి కూడా సరిగ్గా అంతే శక్తిగల ఫోటాన్ కావాలి. మెట్ల ఎత్తులు మూలకానికి మూలకానికి వేరు. అందుకే మంటలో సోడియం 589 నానోమీటర్ల వద్ద పసుపు కాంతినీ, పొటాషియం 766.5, 769.9 నానోమీటర్ల వద్ద కంటికి సరిగా ఆనని ముదురు ఎరుపు కాంతినీ ఇస్తాయి. మంట రంగును బట్టి మూలకాన్ని గుర్తించే పద్ధతిని బున్సెన్, కిర్కాఫ్‌లు 1860 నాటికే స్థాపించారు. కారణం మాత్రం బోర్ దాకా తెలియలేదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చెర్లకోట రంగధామరావు పెంపొందించిన వర్ణపట పరిశోధన కూడా ఈ మెట్ల ఎత్తులను తేల్చే శాస్త్రమే.

మన భూసార పరీక్షా కేంద్రాలలో అమ్మోనియం అసిటేట్‌తో తీసిన మట్టి ద్రావణాన్ని ఫ్లేమ్ ఫోటోమీటరు మంటలోకి పిచికారీ చేసి, వెలువడే కాంతిని బట్టి పొటాషియంను లెక్కిస్తాము. జింకును కూడా అలాగే ఎందుకు కొలవకూడదు? ఈ ప్రశ్నకు జవాబు శక్తి స్థాయిల లెక్కలోనే ఉన్నది. పొటాషియంలో మొదటి మెట్టు ఎత్తు సుమారు 1.6, సోడియంలో 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. జింకులో మనం ఉపయోగించే 213.9 నానోమీటర్ల గీతకు ఎక్కవలసిన ఎత్తు 5.8. మంటలోని వేడి పరమాణువులను ఆ మెట్టు మీదికి తోయాలి. 2000 కెల్విన్ ఉష్ణోగ్రత వద్ద బోల్ట్‌జ్‌మన్ సూత్రం ప్రకారం లెక్కిస్తే, సోడియం పరమాణువులలో లక్షకు ఒకటి ఉత్తేజిత స్థాయిలో ఉంటుంది. జింకులోనైతే నూరు లక్షల కోట్లకు పైగా పరమాణువులలో ఒక్కటి ఉంటుంది. మెట్టు ఎత్తు మూడు రెట్లు కూడా పెరగలేదు. ఎక్కేవారి సంఖ్య మాత్రం వంద కోట్లవ వంతుకు పడిపోయింది. అంత అరుదుగా వెలువడే కాంతిని కొలిచి మట్టిలో జింకును తేల్చడం సాధ్యం కాదు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్రభుత్వ పరిశోధనా సంస్థలో పనిచేస్తున్న అలన్ వాల్ష్ ఈ లెక్కను తిరగవేసి చూశాడు. 1952లో ఒక ఆదివారం ఇంటి తోటలో పనిచేసుకుంటుండగా ఆ ఆలోచన తట్టిందని ప్రసిద్ధి. మంటలో జింకు పరమాణువులు దాదాపు అన్నీ భూస్థాయిలోనే ఉంటే, అవి వెలువరించే కాంతికై ఎదురుచూడటం ఎందుకు? బయటనుండి కాంతిని పంపి, అవి ఎంత మింగుతాయో కొలిస్తే చాలును. పరమాణువులన్నీ కింది మెట్టు మీద ఉండటం ఉద్గార పద్ధతికి లోపం. శోషణ పద్ధతికి అదే బలం. 1955లో వాల్ష్ వెలువరించిన వ్యాసంతో అటామిక్ అబ్సార్ప్‌షన్ పద్ధతికి పునాది పడింది. మన దేశంలో భూములలోని జింకు లోపాన్ని జిల్లాలవారీగా గుర్తించగలిగింది ఈ యంత్రం వచ్చిన తరువాతనే.

జింకు పరమాణువు మింగేది 213.9 వద్ద నానోమీటరులో కొన్ని వేల వంతుల వెడల్పుగల సన్నని గీతను మాత్రమే. మామూలు దీపపు కాంతిలో ఆ గీత వంతు సముద్రంలో కాకిరెట్ట. అందుకే వాల్ష్ జింకునే దీపంగా మార్చాడు. హాలో కాథోడ్ దీపంలో జింకుతో చేసిన బోలు కాథోడ్, తక్కువ పీడనంలో నియాన్ లేదా ఆర్గాన్ ఉంటాయి. విద్యుత్తు ప్రవహించినప్పుడు జింకు పరమాణువులు ఎగిరిపడి, ఉత్తేజితమై, తమ మెట్ల ఎత్తుకు సరిపోయే కాంతినే ఇస్తాయి. మంటలోని జింకు ఆ కాంతిని గుర్తుపడుతుంది; ఇనుము, మాంగనీసు గుర్తుపట్టవు. మంట తనంత తానుగా ఇచ్చే వెలుగు కొలతలో కలవకుండా దీపాన్ని నియమిత వేగంతో మినుకుమనేలా చేసి, ఆ మినుకును మాత్రమే యంత్రం లెక్కలోకి తీసుకునే ఏర్పాటు కూడా వాల్ష్‌దే.

ఇక్కడ విద్యార్థులు తికమకపడే చోటు ఒకటి ఉన్నది. 213.9 నానోమీటర్ల ఫోటాన్‌లో 5.8 ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్నాయి. జింకు పలక సుంకం 4.3 మాత్రమే. అయితే మంటలో ఈ కాంతి పడిన జింకు పరమాణువు ఎలక్ట్రాన్‌ను విసిరివేయదేమి? పలకలోని ఎలక్ట్రాన్‌లు లోహమంతటికీ ఉమ్మడి సొత్తు. మంటలోనిది ఒంటరి పరమాణువు. దాని ఎలక్ట్రాన్‌ను పూర్తిగా బయటకు లాగాలంటే 9.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అందువల్ల అదే ఫోటాన్ పలకనుండి ఎలక్ట్రాన్‌ను వెలికితీస్తుంది, ఒంటరి పరమాణువులో మాత్రం ఎలక్ట్రాన్‌ను పై మెట్టుకు ఎక్కించి ఊరుకుంటుంది. హాల్‌వాక్స్ ప్రయోగానికీ వాల్ష్ ప్రయోగానికీ ఉన్న తేడా అంతా ఇదే.

పొటాషియం సంగతి దీనికి విరుద్ధం. దాని ఎలక్ట్రాన్ 4.34 ఎలక్ట్రాన్ వోల్టులకే పూర్తిగా ఊడిపోతుంది. మంట మరీ వేడిగా ఉంటే కొంత పొటాషియం అయాన్‌గా మారి కొలతకు దొరకకుండా పోతుంది. ఉష్ణోగ్రతతో అయనీకరణం ఎలా మారుతుందో 1920లో మేఘనాద్ సాహా సూర్యుని వాతావరణం కోసం చెప్పిన సమీకరణమే ఇక్కడా వర్తిస్తుంది. వంటగ్యాసు, గాలి కలిసిన చల్లని మంట ఫ్లేమ్ ఫోటోమీటరుకు సరిపోవడానికీ, అసిటిలీన్ మంటలో పొటాషియంను కొలిచేటప్పుడు మరింత సులువుగా ఎలక్ట్రాన్‌ను వదిలే సీసియంను కలపడానికీ ఇదే కారణం.

జింకు కొలతలో ఎంత నిశితత్వం కావాలో ఒక్క లెక్కతో తెలుస్తుంది. డీటీపీఏ పద్ధతిలో 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల ద్రావణం కలిపి రెండు గంటలు కుదుపుతాము. కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల జింకును సంధి స్థాయిగా తీసుకుంటే, మంటలోకి వెళ్లే ద్రావణంలో ఉండేది లీటరుకు 0.3 మిల్లీగ్రాములే. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమనాలా, అక్కరలేదనాలా అన్నది ఈ సన్నని సరిహద్దు మీద తేలుతుంది. పరమాణువుకు తన మెట్లు తెలుసును గాని తాను ఎక్కడనుండి వచ్చానో తెలియదు. గాల్వనైజ్డ్ రేకు బకెట్టులో కలిపిన మట్టి, రబ్బరు బిరడా వేసిన సీసా నుండి వచ్చిన జింకునూ, పొలంలోని జింకునూ యంత్రం ఒకే విధంగా లెక్కిస్తుంది. లోపమున్న పొలానికి లోపం లేదని కార్డు ఇచ్చినప్పుడు తప్పు చాలాసార్లు యంత్రానిది కాదు, బకెట్టుది.

ఒకే పెట్టెలో తరంగం, కణం

అదే యంత్రంలో మంట దాటిన కాంతి దారిని అనుసరిస్తే మరొక విశేషం కనబడుతుంది. కాంతి ముందుగా వివర్తన జాలకం మీద పడుతుంది. మిల్లీమీటరుకు వెయ్యికి పైగా గీతలు గీసిన ఆ అద్దం రంగులను విడదీయగలగడానికి కాంతి తరంగం కావడమే కారణం. వేర్వేరు గీతలనుండి వచ్చిన అలలు ఒక దిశలో కలిసి, మరొక దిశలో ఒకదానినొకటి చెరుపుకుంటాయి. అక్కడనుండి బెత్తెడు దూరంలో ఉన్న ఫోటో మల్టిప్లయర్ గొట్టంలోకి అదే కాంతి పొట్లాలుగా చేరుతుంది. ఒక ఫోటాన్ కాథోడ్‌నుండి ఒక ఎలక్ట్రాన్‌ను వెలికితీస్తే అది తరువాతి మెట్టుకు గుద్దుకుని నాలుగింటిని, ఆ నాలుగు పదహారింటిని రాల్చుతాయి. ఇలా పది మెట్లు దాటేసరికి పది లక్షలకు పైగా ఎలక్ట్రాన్‌లు పోగవుతాయి. హాల్‌వాక్స్ పలక మీద జరిగినదే ఇక్కడా జరుగుతుంది; పలక మారింది, లెక్కపెట్టే నేర్పు పెరిగింది.

అలగా నడిచివచ్చి పొట్లంగా చేరడం ఎలా? ఎక్కువ ఫోటాన్‌లు గుంపుగా కలిసినప్పుడే అల ఏర్పడుతుందేమోనన్న అనుమానం ఎవరికైనా రావచ్చును. 1909లో కేంబ్రిడ్జిలో జి.ఐ. టేలర్ దానిని పరీక్షించాడు. మసిపట్టిన గాజు పలకల చాటున కాంతిని అతి క్షీణంగా చేసి, సూది నీడను ఫోటో పలక మీద పడనిచ్చాడు. పరికరంలో ఒకసారికి ఒక పొట్లం ఉండటమే గొప్ప అన్నంత క్షీణమైన కాంతి అది. సుమారు 2000 గంటల తరువాత పలకను కడిగి చూస్తే, సూది నీడ అంచున వివర్తన చారలు తీవ్రమైన కాంతిలో వచ్చినంత స్పష్టంగానే వచ్చాయి. ఒంటరి ఫోటాన్ కూడా తరంగ నియమాన్నే పాటిస్తుందన్నమాట. అది ఎక్కడ పడుతుందన్నది ముందుగా చెప్పలేము. ఎక్కడ ఎక్కువగా పడే అవకాశమున్నదో తరంగం చెబుతుంది.

1923లో ఆర్థర్ కాంప్టన్ ఎక్స్ కిరణాలు గ్రాఫైట్‌లోని ఎలక్ట్రాన్‌లను గోలీలవలె ఢీకొంటాయని చూపాడు. మన మృత్తికాశాస్త్ర విభాగాలలో బంకమట్టి ఖనిజాలను గుర్తించేది అవే ఎక్స్ కిరణాల తరంగ స్వభావంతో. 1930లో హెండ్రిక్స్, ఫ్రై అనే శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణాల వివర్తనంతోనే మట్టిలోని బంక స్ఫటిక నిర్మాణం గలదని తేల్చారు. నల్లరేగడిలోని స్మెక్టైట్ పొరల మధ్య దూరం ఇథిలీన్ గ్లైకాల్ పట్టించినప్పుడు 17 ఆంగ్‌స్ట్రామ్‌లకు సాగడం, ఎర్ర నేలలలోని కయొలినైట్ 7 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద కదలకపోవడం మనకు పరిచితమే. ఎండితే రేగడి బీటలు వారి ఎర్ర నేల ఎందుకు అంతగా వారదో ఆ రెండు సంఖ్యలు చెబుతాయి.

కాంతికి కణ స్వభావమున్నట్లే పదార్థానికి తరంగ స్వభావం ఉండాలని 1924లో లూయీ డిబ్రాయ్ ప్రతిపాదించాడు. 1927లో డేవిసన్, జెర్మర్‌లు నికెల్ స్ఫటికం మీద ఎలక్ట్రాన్‌ల వివర్తనాన్ని చూపారు. లక్ష వోల్టులతో పరుగెత్తే ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం ఆకుపచ్చ కాంతిలో లక్షో వంతు కూడా ఉండదు. అందువల్లనే వరి టుంగ్రో తెగులును కలిగించేవి కడ్డీ ఆకారంలో ఒకటి, గుండ్రంగా మరొకటి, రెండు వైరస్‌లని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపగలిగింది.

ఆకు లెక్క

ప్రయోగశాల దాటి పొలంలోకి వస్తే ఈ విషయమంతా పత్రహరితం మీద కేంద్రీకృతమవుతుంది. ఒంటరి పరమాణువు సన్నని గీతలను మింగితే, పత్రహరితం పెద్ద అణువు కనుక కంపన స్థాయిలన్నీ కలిసిపోయి వెడల్పాటి పట్టీలుగా మింగుతుంది. ఒకటి ఎరుపులో, మరొకటి నీలంలో. 450 నానోమీటర్ల నీలపు ఫోటాన్‌లు ఒక మోల్‌కు 266 కిలోజౌళ్లు, 660 నానోమీటర్ల ఎర్ర ఫోటాన్‌లు 181 కిలోజౌళ్లు మోసుకొస్తాయి. నీలపు ఫోటాన్ పత్రహరితాన్ని పై మెట్టు మీదికి ఎక్కిస్తుంది గాని అక్కడ నిలకడ లేదు. సెకనులో లక్షల కోట్లవ వంతు కూడా గడవకముందే అదనపు శక్తిని వేడిగా వదలి, ఎర్ర ఫోటాన్ ఎక్కించే మెట్టుకే జారుతుంది. కిరణజన్య సంయోగక్రియ మొదలయ్యేది ఆ మెట్టునుండే. అంటే ఆకు ఫోటాన్ బరువును చూడదు, తలలను లెక్కపెడుతుంది.

ఎన్ని తలలు కావాలన్న దానిపై ఇరవయ్యవ శతాబ్దంలో పెద్ద వివాదమే నడిచింది. ఐన్‌స్టీన్ కాంతి రసాయన సూత్రాన్ని ప్రయోగాలతో పరీక్షించిన ఎమిల్ వార్‌బర్గ్ కుమారుడు ఆటో వార్‌బర్గ్. ఆయన 1920లలో క్లోరెల్లా శైవలంపై కొలిచి, ఒక ఆక్సిజన్ అణువు వెలువడటానికి సుమారు 4 ఫోటాన్‌లు చాలునన్నాడు. ఆయన వద్దనే డాక్టరేటు చేసిన అమెరికన్ రాబర్ట్ ఎమర్సన్ తరువాత అదే కొలతను జాగ్రత్తగా చేస్తే 8 నుండి 12 దాకా వచ్చింది. 1948లో వార్‌బర్గ్ స్వయంగా ఇల్లినాయ్ వెళ్లి ఎమర్సన్ ప్రయోగశాలలో పనిచేసినా ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు.

ఇది పండితుల పట్టుదల మాత్రమే అనుకోరాదు. ఒక మోల్ కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చితే నిలువ ఉండే శక్తి సుమారు 478 కిలోజౌళ్లు. 680 నానోమీటర్ల ఫోటాన్‌లు 4 చాలితే ఆకు సామర్థ్యం 68 శాతం. 8 కావాలంటే 34 శాతం. అంటే పైరు దిగుబడికి ప్రకృతి గీసిన గరిష్ఠ రేఖ సగానికి దిగుతుంది. చివరకు నిలిచినది ఎమర్సన్ లెక్క. 680 నానోమీటర్లు దాటగానే ఫోటాన్ సామర్థ్యం హఠాత్తుగా పడిపోవడాన్ని ఆయన 1943లోనే గమనించాడు. 1957లో ఆ దూర ఎరుపు కాంతికి కొంత పొట్టి తరంగాల కాంతిని తోడు చేస్తే పడిపోయిన సామర్థ్యం తిరిగి లేస్తుందని చూపాడు. రెండు కాంతి వ్యవస్థలు వరుసగా పనిచేస్తున్నాయన్న అవగాహనకు, అంటే ఒక్కొక్క ఎలక్ట్రాన్‌కు రెండు ఫోటాన్‌లు, ఒక ఆక్సిజన్‌కు నాలుగు ఎలక్ట్రాన్‌ల చొప్పున ఎనిమిది ఫోటాన్‌లు అన్న లెక్కకు, అది దారి తీసింది. ఎమర్సన్ 1959 ఫిబ్రవరిలో న్యూయార్క్ వద్ద విమాన ప్రమాదంలో మరణించాడు; మరుసటి ఏడాది హిల్, బెండాల్‌లు ప్రతిపాదించిన పథకాన్ని ఆయన చూడలేదు.

పొలంలోని ఆకుకు ఎనిమిది కూడా చాలవు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, మామూలు గాలిలో, వరి వంటి సీ3 మొక్కలు కాంతి శ్వాసక్రియ వల్ల ఒక కార్బన్ డయాక్సైడుకు సుమారు 19 ఫోటాన్‌లు ఖర్చు చేస్తాయని 1977లో ఎలరింజర్, బ్యోర్క్‌మన్ కొలతలు చూపాయి. మొక్కజొన్న వంటి సీ4 మొక్కలకు కాంతి శ్వాసక్రియ నష్టం లేకపోయినా, కార్బన్‌ను పోగుచేసే అదనపు పనికి ఖర్చు కలిసి ఆ ఉష్ణోగ్రత వద్ద ఇంచుమించు అంతే అవుతుంది. ఎండ ఇంకా ముదిరితే సీ4 ముందుకు పోతుంది.

లక్స్ మీటరు చేసే అపచారం

ఇన్ని తెలిసిన తరువాత కూడా నీడవలల కింద, పాలీహౌస్‌లలో, దీపాల కింద పెంచే నారు గదులలో కాంతిని లక్స్‌లలో కొలిచి నివేదికలు రాయడం ఇంకా ఆగలేదు. లక్స్ అనేది మనిషి కంటికి కనిపించే వెలుగు. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చకు ఎక్కువగా, ఎరుపుకూ నీలానికీ చాలా తక్కువగా స్పందిస్తుంది. చదరపు మీటరుపై సెకనుకు 100 మైక్రోమోల్‌ల ఫోటాన్‌లు పడేలా మూడు దీపాలు పెట్టామనుకోండి. ఆకుపచ్చ దీపం కింద లక్స్ మీటరు సుమారు 14,700 చూపుతుంది. 660 నానోమీటర్ల ఎర్ర దీపం కింద 750. 450 నానోమీటర్ల నీలి దీపం కింద 700. మూడు చోట్లా ఫోటాన్‌ల సంఖ్య ఒక్కటే, మీటరు మాత్రం ఇరవై రెట్ల తేడా చెబుతున్నది. సూర్యకాంతిలో 54 లక్స్‌లకు ఒక మైక్రోమోల్ చొప్పున సుమారుగా మార్చుకోవచ్చును గాని, ఆ గుణకాన్ని రంగు దీపాలకూ రంగు వలలకూ వాడితే వచ్చేది సంఖ్యే గాని కొలత కాదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ నీడవలలను లక్స్‌లతో పోల్చిన ప్రయోగాల తీర్మానాలను నేను నమ్మను.

1972లో టెక్సస్‌లో కీత్ మెక్రీ 22 పంట మొక్కల ఆకులను రంగు వెంట రంగు పరీక్షించి, 400 నుండి 700 నానోమీటర్ల మధ్య ఫోటాన్‌ల సంఖ్యే కిరణజన్య సంయోగక్రియకు తగిన కొలమానమని స్థిరపరచాడు. క్వాంటం సెన్సర్ ఆ నిర్వచనాన్ని అనుసరించి తయారైనదే. అందులోని సిలికాన్ ఫోటో డయోడ్‌లో కూడా కాంతి విద్యుత్ ఫలితమే పనిచేస్తుంది. ఎలక్ట్రాన్ బయటకు రాకుండా సిలికాన్ లోపలే 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరాన్ని దాటుతుంది. మిట్ట మధ్యాహ్నపు నిండు ఎండలో అది చూపే 2000 మైక్రోమోల్‌లు అంటే, చదరపు మీటరుపై సెకనుకు కోటి కోట్ల కోట్లకు పైబడిన ఫోటాన్‌లు.

దీపాలు కొనదలచిన నర్సరీ రైతు సలహా అడిగినప్పుడు వాట్లను, లక్స్‌లను పక్కనపెట్టి, ఒక జౌలు విద్యుత్తుకు ఎన్ని మైక్రోమోల్‌ల ఫోటాన్‌లు వస్తాయో వ్యాపారిని అడగమని చెప్పాలి. 660 నానోమీటర్ల దీపంలో ఒక మైక్రోమోల్‌కు 0.181 జౌళ్లు తప్పనిసరి కనుక, నష్టమే లేని దీపమైనా జౌలుకు 5.5 మైక్రోమోల్‌లకు మించి ఇవ్వలేదు. నీలి దీపానికి ఆ హద్దు 3.8. అంతకు మించి రాసిన కరపత్రాన్ని తిప్పి పంపవచ్చును.

మెక్రీ గీసిన 700 నానోమీటర్ల హద్దు కూడా ఇప్పుడు చర్చలో ఉన్నది. 700–750 మధ్యనున్న దూర ఎర్ర ఫోటాన్‌లు ఒంటరిగా పనికిరాకపోయినా, పొట్టి తరంగాల కాంతితో కలిసినప్పుడు మిగిలిన ఫోటాన్‌లంతగానే పనిచేస్తాయని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయం నుండి 2020లో ఫలితాలు వచ్చాయి. ఎమర్సన్ 1957లో చూసినదే అది, ఈసారి పంట మొక్కల గుబురులో. దట్టంగా ఎదిగిన పైరులో కింది ఆకులకు చేరే కాంతిలో దూర ఎరుపు వంతు ఎక్కువ. మన క్వాంటం సెన్సర్‌లు ఆ ఫోటాన్‌లను లెక్కలోకి తీసుకోవు. పైరు అడుగున తీసుకున్న కొలతలను పై ఆకుల కొలతలతో పోల్చే పరిశోధకులు సెన్సర్ హద్దు ఎక్కడ ముగుస్తుందో తమ వ్యాసంలో తప్పక పేర్కొనాలి.